ఆమిష్ ప్రేమకథ తెలుగులో రాయాలంటే

ఆమిష్ అంటే అమెరికాలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సంఘం. గుంటూరులో చర్చి పెళ్లిళ్లు చూస్తూ పెరిగినవాళ్లకి ఆమిష్ కథలో మొదటి తప్పు పెళ్లి దగ్గరే దొర్లుతుంది. తెల్ల చీర, ఉంగరాలు, పాస్టర్ గారి ప్రసంగం అలవాటు కొద్దీ వచ్చి కూర్చుంటాయి. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్‌ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లే, ఆమిష్ వాళ్ల లాంకాస్టర్ కౌంటీ ఉన్నదీ ఆ రాష్ట్రంలోనే. కానీ పద్ధతులు వేరు. వాళ్లకి చర్చి భవనం ఉండదు. వారం విడిచి వారం ఒకరింట్లోనో కొట్టంలోనో ఆరాధన. బోధకుడు కావాల్సి వస్తే, సంఘం పేర్లు చెప్పినవాళ్ల ముందు పాటల పుస్తకాలుంచి ఒకదాంట్లో చీటీ పెడతారు, అది ఎవరి చేతికొస్తే ఆయనే ఇక బోధకుడు. జీతం లేదు. పెళ్లికూతురికి ఎక్కువగా నీలం గౌను. ఉంగరం లేదు, పెళ్లయిందనడానికి గుర్తు మగవాడి గడ్డం. మీసం మాత్రం రాయకండి.

ముందు తేల్చుకోవాల్సింది బాప్తిస్మం ఏ అధ్యాయంలో అన్నది. అది పెద్దయ్యాక ఇష్టపడి తీసుకునేది. ఇద్దరూ తీసుకోకపోతే సంఘంలో పెళ్లి జరగదు. తీసుకున్నాక వదిలిపోతే వెలి, తీసుకోకముందే వెళ్తే వెలి లేదు. బాప్తిస్మం పొందిన అమ్మాయిని బయటి కుర్రాడితో పంపించి, చివర్లో అమ్మానాన్నల చేత అక్షింతలు వేయించేస్తే కథ అక్కడే కూలిపోతుంది. (బయటివాళ్లందరూ వాళ్లకి ‘ఇంగ్లిష్’ వాళ్లే. బెజవాడ నుంచి వెళ్లిన మనమూ అంతే.)

పన్నెండు అధ్యాయాల నవలికైతే ఇలా పంచుకోండి: మొదటి మూడు వసంతం. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎండాకాలం, అంటే 1632 నాటి విశ్వాస ప్రకటనలోని 18 అంశాల మీద బాప్తిస్మ తరగతులు. తొమ్మిదిలో బాప్తిస్మం. పన్నెండులో పెళ్లి, కోతలయ్యాక, నవంబరులో ఒక మంగళవారమో గురువారమో.

అసలు కష్టం నాయిక తనని తాను ఒప్పుకోవడం చూపించడంలో. ‘నన్ను నేను ప్రేమించుకుంటాను’ అని ఆమె అందంటే ఆ ఊళ్లో అది హోఖ్‌మూట్, అంటే పొగరు. మాటల్లో కాదు, పనిలో చూపించండి. కుట్టు వంకరపోయిందని రాత్రి దీపం దగ్గర విప్పి మళ్లీ కుట్టే పిల్ల, ఒకరోజు ఆ వంకర కుట్టుని వేలితో తడిమి, దారం తెంపి, సూదిని డబ్బాలో పెట్టేస్తుంది. అంతే చాలు. గర్వం రాకూడదని బొంతలో కావాలనే తప్పు కుట్టు వేస్తారన్న కబురు ఒకటి తిరుగుతుంటుంది. దానికి ఆధారం లేదు, ఆచారంగా రాయొద్దు.

ఈ సూది సీను నాయకుడు ఆమెని పొగడడానికి ఒక అధ్యాయం ముందే రావాలి. అనుమానముంటే అతన్ని సీనులోంచి కొట్టేసి చదవండి. ఆమె అప్పటికీ సూది దించితే సరే, దించకపోతే మళ్లీ రాయండి.

సంభాషణల్లో పెన్సిల్వేనియా డచ్ (వాళ్లు ఇంట్లో మాట్లాడే జర్మన్ యాస) మాటలు మొత్తం మీద మూడో నాలుగో చాలు. బిషప్‌నైనా పేరుతోనే పిలుస్తారు. ‘గారు’ తీసేసి, ‘మీరు’ ఉంచితే తెలుగు చెవికి ఇబ్బందుండదు.

పెళ్లి నిశ్చయమైన సంగతి సంఘంలో ప్రకటించేదాకా గుట్టుగా ఉంచుతారు. దాన్ని బయటపెట్టేది పెరడే. లాంకాస్టర్ పెళ్లిభోజనానికి సెలరీ బాగా కావాలి. అది కొత్తిమీర కాదు, కాడలు తినే కూర. ఏడో అధ్యాయంలో తల్లి చేత నాలుగు సాళ్లు ఎక్కువ నాటించి ఊరుకోండి. పదో అధ్యాయంలో పక్కింటావిడ కంచె దగ్గర ఆగి వాటిని లెక్కపెడుతుంది.