జర్మనీలో ఒంట్లో బాగోకపోతే ధైర్యంగా ఉండడం ఎలా

మంచం పట్టాక డాక్టర్ కోసం వెతక్కండి, బాగున్నప్పుడే ఇంటి దగ్గర్లో ఒక ఫ్యామిలీ డాక్టర్‌ని చూసి పెట్టుకోండి. నాకు మొదటి చలికాలంలో జ్వరం వస్తే డాక్టరమ్మ గొంతు చూసి, టీ తాగి పడుకోమని చెప్పి సెలవు కాగితం చేతిలో పెట్టింది, యాంటీబయాటిక్ లేదు, ఇంజెక్షన్ లేదు, నన్ను పట్టించుకోలేదనుకుని ట్రామ్‌లో ఏడ్చేశాను. అది నిర్లక్ష్యం కాదు, మామూలు వైరల్ జ్వరానికి ఇక్కడి పద్ధతే అది. తగ్గకపోతే మళ్ళీ వెళ్ళండి, మొహమాటపడొద్దు.

పారాసెటమాల్ సూపర్‌మార్కెట్‌లో దొరకదు, మందుల షాపులోనే కొనాలి. ఆదివారం చాలావరకు మూసేస్తారు, డ్యూటీలో ఉన్న షాపు ఏదో మూసిన షాపు తలుపు మీదే రాసి ఉంటుంది. రాత్రిపూట డాక్టర్ కావాలంటే 116117, ప్రాణం మీదికొస్తే 112.

దిగులు ఎక్కువయ్యేది రాత్రి 10 గంటలకి, చలికాలంలో అప్పుడు మన ఊళ్ళో తెల్లవారుజామున 2.30. అందుకే అమ్మకి సాయంత్రమే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి, దాచితే ఇద్దరికీ టెన్షనే. బియ్యం, మిరియాలు, చింతపండు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి, పక్కగది వాళ్ళని సాయం అడగండి. నేను అడిగితే ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చారు కాచి తెచ్చింది, గిన్నె మూత తీయగానే మిరియాల ఘాటుకి ముక్కు దిబ్బడ వదిలింది.