ట్యాగ్ కదలదు, మ్యాప్‌లో చుక్క గెంతుతుంది: బ్లూటూత్ లొకేషన్ సమస్య - పరిష్కారం

వస్తువు ఎక్కడుందో మ్యాప్‌లో చూపించడానికి దానికి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరమే ట్యాగ్; దాని సిగ్నల్ బలాన్ని గేట్‌వే (సిగ్నల్ అందుకునే పెట్టె) కొలిస్తే, దాన్నిబట్టి దూరం లెక్కవేస్తారు. ట్యాగ్ కదలకపోయినా చుక్క గెంతుతుంటే, ముందు ఒక్క పని చేయండి. ట్యాగ్‌ను ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, పది నిమిషాలు ఎవరినీ అటు వెళ్లనివ్వకుండా, ఫిల్టర్ (విలువల ఊగిసలాటను తగ్గించే లెక్క) తీసేసి ముడి ఆర్‌ఎస్‌ఎస్‌ఐ విలువలు (అందిన సిగ్నల్ బలం; సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) లాగ్ చేయండి. చాలామంది ఇది వదిలేసి నేరుగా కాల్‌మన్ ఫిల్టర్ సెట్టింగులు తిప్పుతూ కూర్చుంటారు. దయచేసి అలా చేయకండి. లాగ్ చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ప్యాకెట్లు తగ్గిపోయాయి, వచ్చినవి నిలకడగా ఉన్నాయి

సెకనుకు 10 ప్యాకెట్లు (ట్యాగ్ పంపే చిన్న సందేశాలు) రావాల్సిన చోట 3 వస్తుంటే అది వైఫై రద్దీ. గేట్‌వేను రౌటర్ పక్కనుంచి జరపండి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. స్కాన్ విండో (గేట్‌వే ప్రతిసారీ వినే సమయం), స్కాన్ ఇంటర్వల్ (ఒకసారి వినడం మొదలుపెట్టినప్పటి నుంచి మళ్లీ మొదలుపెట్టే వరకు ఉండే సమయం) సమానంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

అన్ని దూరాలూ ఒకే తీరుగా ఎక్కువ చూపిస్తున్నాయి

1 మీటరు దగ్గర కొలిచే రిఫరెన్స్ విలువ (దూరం లెక్కకు ఆధారమైన సిగ్నల్ బలం) తప్పు. ట్యాగ్‌ను ఇనుప ట్రాలీకి బిగించాక మళ్లీ కొలిచారా? అడ్డంకులు లేని చోటి లెక్కలో 6 డెసిబెల్స్ తేడా వస్తే దూరం రెట్టింపు అవుతుంది.

ప్యాకెట్లు సరిగ్గానే వస్తున్నాయి, విలువ మాత్రం మెట్లుమెట్లుగా మారుతోంది

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. ఒక గోడౌన్‌లో మూడు రోజులు పోయాయి. కదలని ట్యాగ్ నుంచి -61, -62, -61 వస్తాయి, ఉన్నట్టుండి -74, -73, -74, ఆ తర్వాత -66, మళ్లీ -61. బ్యాటరీ మార్చాను, ట్యాగ్ మార్చాను, ఫోర్క్‌లిఫ్ట్ కూడా ఆపించాను. చివరికి టైమ్ కాలమ్ చూస్తే, మెట్టు మారేది సరిగ్గా కొత్త స్కాన్ ఇంటర్వల్ మొదలైనప్పుడే!

ట్యాగ్ తన ప్రకటనను 37, 38, 39 అనే మూడు చానెళ్లలో పంపుతుంది: 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్. గేట్‌వే ఒక్కో స్కాన్ ఇంటర్వల్‌లో ఒక చానెలే వింటుంది. నేరుగా వచ్చే అలకూ, ఇనుప రాక్‌కు తగిలి వచ్చే అలకూ దారిలో రెండు మీటర్ల తేడా ఉంటే చాలు, 37లో రెండూ కలిసి బలపడిన సిగ్నల్ 39లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. మూడూ కలిపి సగటు తీస్తే పై లాగ్‌లో -67 వస్తుంది. -61తో పోలిస్తే దూరం రెట్టింపు. ఏ ఫిల్టరూ దీన్ని సరిచేయలేదు, ఎందుకంటే ఇది యాదృచ్ఛికంగా వచ్చే నాయిస్ కాదు.

పరిష్కారం: గేట్‌వే చానెల్ నంబరు ఇస్తే, మూడింటికీ విడివిడిగా మీడియన్ (వరుసలో పేర్చితే మధ్యలో వచ్చే విలువ) తీసి, వాటిలో పెద్దదాన్ని, అంటే సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని వాడండి. సమాన బలం ఉన్న రెండు అలలు కలిస్తే పెరిగేది గరిష్ఠంగా 6 డెసిబెల్సే. కొట్టేసుకుంటే 20, 30 కూడా పడిపోతుంది. అందుకే పెద్ద విలువను నమ్మడం మేలు. నంబరు ఇవ్వని గేట్‌వే అయితే, ట్యాగ్ ఫర్మ్‌వేర్‌లో (లోపలి ప్రోగ్రామ్‌లో) చానెళ్లను ఒక్కొక్కటిగా తిప్పుతూ, ఆ నంబరును ప్యాకెట్‌లోనే ఒక బైట్‌గా పంపించండి. ఒకే చానెల్‌కు కట్టేయడం నాకు నచ్చదు. ఆ చానెల్ చచ్చిన మూలలో ట్యాగే కనిపించదు.

మైక్రోవేవ్ ఓవెన్, గేట్‌వేకు తగిలించిన యూఎస్‌బీ 3.0 డిస్క్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌ను పాడుచేస్తాయి. కానీ అరుదు. ఆపేసి ఒకసారి చూడండి, తేడా లేకపోతే వదిలేయండి.