ఆదివారం గాలానికి పోటు లెక్క

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట పోయిన ఆదివారం ఉదయం ఆరింటికి పండుగప్ప పడిందనుకోండి. ఈ ఆదివారమూ అదే టైముకి వెళ్తే ఖాళీ సంచితో రావచ్చు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, వారానికి దాదాపు 6 గంటలు. అంటే అప్పుడు నిండు పోటున్న వేళకి ఇప్పుడు ఆటు. ఎరని తిట్టుకుంటూ కొన్ని ఆదివారాలు పోగొట్టుకున్నాకే నాకిది తలకెక్కింది. రెండు వారాలకైతే లెక్క మళ్లీ ఇంచుమించు కుదురుతుంది. నీరు నిలిచిపోయినప్పుడు కాదు, పోటు ఎక్కుతున్నప్పుడు గాలం వెయ్యండి. చెరువులో ఈ గొడవే లేదు, తెల్లవారుజామున వెళ్తే చాలు. అన్నట్టు, ఉప్పునీళ్లు తగిలిన రీలుని ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.