ముత్యాల తీగకు వెలుతురు నెత్తి మీద పడాలి

మా ఇంట్లో కుట్టుమిషన్ తూర్పు కిటికీ పక్కనే ఉంటుంది. పొద్దున్న ఏడింటి నుంచి నేను అక్కడే కూర్చుని జాకెట్లు కుడతాను. ఆ కిటికీ చువ్వకు ఒక ఉట్టి, ఉట్టిలో మట్టి మూకుడు, మూకుడు అంచు మీంచి రెండున్నర అడుగుల కిందికి జారిన పచ్చటి పూసలు. కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళలో సగం మంది ముందు దాన్నే ముట్టుకుంటారు. “ఇది నిజం మొక్కేనా?” అని ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో అడుగుతారు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఏ మాటైనా రెండు భాషల్లో వినాల్సిందే. నర్సరీ వాళ్ళు స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ అంటారు, మా వీధిలో మాత్రం ముత్యాల తీగ. నా దగ్గర కొమ్మలు పట్టుకెళ్ళిన వాళ్ళు నెల తిరక్కుండా వచ్చి “మాది కుళ్ళిపోయిందక్కా” అంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

నాకూ మొదటిది బతకలేదు. హాల్లో పైకప్పు కొక్కేనికి కట్టాను. కిందికి వేలాడే పూసలు అందంగా కనిపించాయి కానీ, మూకుడు పైభాగం చీకట్లో ఉండిపోయింది. నెల రోజుల్లో మట్టి దగ్గరి పూసలు ముడుచుకుపోయాయి. తీగలు మొదట్లో బోడిగా అయి, ఒక్కొక్కటే తెగి రాలాయి. దాహమేమో అనుకుని ఇంకా నీళ్ళు పోశాను. ఆ తర్వాత మూడో వారానికి మొక్క మొత్తం పోయింది.

దీని సొంత ఊరు దక్షిణాఫ్రికాలో తూర్పు కేప్ వైపు ఎండు నేలలు. అక్కడ ఇది వేలాడదు. పొదల కింద, రాళ్ళ పక్కన నేల మీద చాపలా పాకుతుంది, మట్టి తగిలిన చోటల్లా వేరు దించుకుంటుంది. వెలుతురు దానికి పైనుంచి పడుతుంది. మనం ఉట్టిలో పెట్టి వేలాడదీస్తున్నాం కాబట్టి, ఆ వెలుతురు మూకుడు నెత్తి మీద పడేలా చూడాల్సింది మనమే. మూకుడు పైఅంచు కిటికీ గట్టు కన్నా జానెడు పైకి ఉంటే సరిపోతుంది, కిటికీ పైకమ్మీ దాటి పోకూడదు. తూర్పు కిటికీ అయితే తొమ్మిదిన్నర దాకా తగిలే ఎండ చాలు. పడమటి కిటికీ అయితే వేసవిలో మధ్యాహ్నం ఎండకు పూసలు ఎర్రబడి మాడిపోతాయి, పల్చటి తెర కట్టండి.

ఇక కుండీ. లోతైన ప్లాస్టిక్ కుండీ వద్దు. వేళ్ళు పైపైనే ఉంటాయి, అడుగున ఉన్న మట్టి వారాల తరబడి ఆరదు. నాలుగంగుళాల లోతున్న మట్టి మూకుడు మంచిది. చిల్లు లేకపోతే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న బోర్లించి, స్క్రూడ్రైవర్ మొన అడుగున పెట్టి నెమ్మదిగా తిప్పండి. సుత్తితో కొడితే పగులుతుంది. ఓపికగా తిప్పితే పది నిమిషాల్లో పొడి రాలుతూ చిల్లు పడుతుంది. అలా మూడు చిల్లులు పెట్టండి.

మట్టి విషయంలో తొందరపడొద్దు. నర్సరీ నుంచి వచ్చే మొక్క చాలాసార్లు అచ్చంగా కొబ్బరి పొట్టులో ఉంటుంది. రవాణాకి అది తేలిక గానీ, మన వానాకాలంలో స్పాంజిలా తడి పట్టుకుని వదలదు. కొన్న వారంలోనే దాన్ని విదిలించి మార్చేయండి. నేను మా మహేంద్రతనయ నది ఇసుక వాడతాను. ఇల్లు కట్టే వాళ్ళ దగ్గర రెండు డబ్బాలు అడిగి తెచ్చుకుని టీ వడపోత గిన్నెలో జల్లిస్తాను. కిందికి రాలిన సన్నటిది పారేసి, పైన మిగిలిన గరుకు ఇసుకను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతాను. ఈ ఇసుక రెండు పాళ్ళు, తోట మట్టి ఒక పాలు, సెనగ గింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) గుప్పెడు. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కండి. చెయ్యి తెరవగానే విడిపోవాలి, ముద్దగా నిలబడితే ఇంకా ఇసుక పడాలి. ఈ మట్టిని అంచుకి అరంగుళం కింద దాకా నింపండి. మరీ లోతుగా ఉంటే మొదళ్ళకు గాలి తగలదు.

నీళ్ళ దగ్గరే ఎక్కువ మొక్కలు పోతాయి. ఒక పూసను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకి చూడండి. ఒక పక్కన పై నుంచి కిందికి సన్నటి చార ఉంటుంది, కాస్త ముదురు రంగులో, అద్దంలా. లోపలికి వెలుతురు వెళ్ళే కిటికీ అది. పూస అంటున్నది దీని ఆకునే. అది గుండ్రంగా మారింది నీళ్ళు దాచుకోవడానికి, ఎండకు తగిలే ఒళ్ళు తగ్గించుకోవడానికి. ఆ లోటు తీర్చేది ఈ చారే. కడుపునిండా నీళ్ళున్న పూసకు చార వెడల్పుగా ఉంటుంది, నొక్కితే పచ్చి బఠాణీలా గట్టిగా తగులుతుంది. దాహమైతే చార సన్నబడుతుంది, పూస మెత్తబడి చిన్న ముడత పడుతుంది. అప్పుడు మూకుడు దించి చేత్తో తూచండి. తేలిగ్గా ఉంటే బేసిన్‌లో రెండంగుళాల నీళ్ళు పోసి పావుగంట కూర్చోబెట్టి, పూర్తిగా కారిపోయాక ఉట్టిలో పెట్టండి.

కానీ మట్టి తడిగా ఉండి, మూకుడు బరువుగా ఉండి, పూసలు ముడుచుకుంటే అది దాహం కాదు. వేళ్ళు కుళ్ళి నీళ్ళు తాగలేకపోతోందన్నమాట. పూసలు పసుపుగా, నీరుగారినట్టు ఉంటాయి. అప్పుడు ఒక్క గ్లాసు నీళ్ళు పోసినా చచ్చిపోతుంది. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే.

మాకు రథయాత్ర నుంచి దసరా దాకా గాలిలోనే తడి. ఆ రోజుల్లో పదిహేను, ఇరవై రోజులకు ఒకసారి పోస్తే ఎక్కువ. కిటికీలోంచి జల్లు కొట్టకుండా కాస్త లోపలికి జరపండి, కానీ గాలి ఆడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో కరెంటు లేదు, కిటికీలు మూసి ఉన్నాయి, గోడలకు చెమ్మ. మూడు వారాలు చుక్క నీళ్ళు పోయలేదు. పూసలు కొంచెం చిక్కాయి అంతే, ఎండ రాగానే తేరుకున్నాయి. వేసవిలో వారం పది రోజులకు ఒకసారి, చలికాలంలో నెలకు ఒకటి రెండుసార్లు. లెక్క కన్నా పూస మీది చారనే నమ్మండి.

బియ్యం కడిగిన నీళ్ళు, టీ పిప్పి దీనికి వద్దు. మిగతా మొక్కలకు పోసుకోండి. దీనికి వేస్తే మట్టి పులిసి చిన్న చిన్న దోమలు చేరతాయి. ఎరువు చలి తగ్గాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి, అదీ పల్చగా.

పిండినల్లి పడితే తీగల మధ్య తెల్లటి దూదిలా కనిపిస్తుంది. చెవి పుల్లకు స్పిరిట్ అద్ది ఒక్కొక్కటీ తుడవండి. రెండు వారాలు వదలకుండా చూడాలి.

కుళ్ళు మొదలైతే మొక్క మొత్తం పోయిందని దిగులు పడకండి. గట్టిగా ఉన్న తీగలను నాలుగంగుళాల చొప్పున కత్తిరించండి. కోసిన చోట కారే రసం కొందరికి దురద పెడుతుంది, చేతులు కడుక్కోండి. రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కొత్త మట్టి మీద చుట్టలా పడుకోబెట్టండి. గుచ్చొద్దు, పూసలు మట్టిలో కప్పొద్దు. తీగ మట్టికి తగిలేలా జడపిన్నులతో అక్కడక్కడా ఒత్తిపెట్టండి. నాలుగు రోజులకోసారి కొంచెం నీళ్ళు చల్లితే మూడు నాలుగు వారాల్లో పూసల మొదళ్ళలో తెల్లటి దారాల్లా వేళ్ళు దిగుతాయి. నా మూకుడు నెత్తి బోడి అయినప్పుడల్లా పొడుగు తీగలు రెండు తెచ్చి పైన ఇలాగే చుడతాను.

ఒక్క జాగ్రత్త తప్పకుండా గుర్తుంచుకోండి. ఇవి బఠాణీల్లా కనిపిస్తాయి కానీ తినేవి కావు, విషం. కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు. పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో తీగ కొసలు అందకుండా కత్తిరించుకుంటూ ఉండాలి. రాలిన పూసలు నేల మీద ఉంటే వెంటనే ఏరేయండి.

నిరుడు సంక్రాంతి వెళ్ళాక నా తీగకు మూడు పూలు పూశాయి. తెల్లటి చిన్న కుచ్చులు, చామంతి కుటుంబమే కదా. దగ్గరికి ముక్కు పెడితే దాల్చినచెక్క వాసన. ఆ రోజు మిషన్ ఆపి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కొమ్మలు ఎవరికైనా పంపాలంటే తడిగుడ్డలో చుట్టకండి. పాతపట్నంలో ఉన్న మా చెల్లికి పొడి పేపర్లో వదులుగా చుట్టి పంపాను. ఇంట్లో పెళ్ళి హడావిడిలో అది వారం రోజులు సంచిలోనే ఉండిపోయింది, అయినా నాటితే బతికింది. నాటిన రోజు మాత్రం నీళ్ళు పోయొద్దని చెప్పి పంపండి, నాలుగో రోజు చల్లితే చాలు.