యూనియన్ పెట్టగానే క్వెరీ ఎందుకు నెమ్మదిస్తుంది?

రెండు ఎస్‌క్యూఎల్ క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) విడివిడిగా నడిపితే చిటికెలో ఫలితం వస్తుంది. వాటి ఫలితాలను కలపడానికి మధ్యలో యూనియన్ పెట్టగానే నిమిషాలు పడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా కొత్త ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) వేస్తారు. నా అనుభవంలో తప్పు ఎక్కువసార్లు ఇండెక్స్‌లో ఉండదు, మనం అడిగిన ప్రశ్నలోనే ఉంటుంది.

సమస్య: విడిగా వేగం, కలిపితే ఆలస్యం

కారణం: యూనియన్ రెండు ఫలితాలను ఒకచోట చేర్చి ఊరుకోదు. అచ్చం ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటి మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. అందుకోసం డేటాబేస్ వచ్చిన వరుసలన్నింటినీ సార్ట్ చేయాలి, లేదా హాష్ టేబుల్ (ఒకేలా ఉన్నవాటిని త్వరగా పట్టుకునే పట్టిక) కట్టాలి. పోల్చేది ఒక్క ఐడీని కాదు, సెలెక్ట్‌లో రాసిన ప్రతి కాలమ్‌నూ.

పరిష్కారం: డూప్లికేట్లు వచ్చే వీలు అసలు ఉందా? ఒక టేబుల్‌లో ఈ ఏటి ఆర్డర్లు, మరో టేబుల్‌లో పాత ఆర్డర్లు ఉండి, ఆర్డర్ నంబర్ రెండింటిలో ఎక్కడా కలవదనుకోండి. అప్పుడు డూప్లికేట్లు తీయకుండా కలిపే యూనియన్ ఆల్ రాయండి. ఆ పోలిక పనంతా పోతుంది.

కానీ ఇక్కడ తొందరపడకూడదు. యూనియన్ రెండు టేబుళ్ల మధ్య డూప్లికేట్లనే కాదు, ఒకే టేబుల్ లోపలి డూప్లికేట్లనూ తీసేస్తుంది. సెలెక్ట్‌లో కస్టమర్ ఐడీ ఒక్కటే ఉంటే, మూడు ఆర్డర్లు పెట్టిన కస్టమర్ యూనియన్ ఆల్‌లో మూడుసార్లు వస్తాడు. ఇలా మార్చాక ఒక రిపోర్ట్‌లో కస్టమర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోవడం నేను చూశాను. క్వెరీ వేగంగానే నడిచింది, లెక్క మాత్రం తప్పు. వేగం కోసం తప్పు లెక్క ఇవ్వడం నా దృష్టిలో పరిష్కారమే కాదు.

సమస్య: డూప్లికేట్లు తీయక తప్పదు, సర్వర్ మాత్రం డిస్క్ మీద రాస్తూనే ఉంది

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నడిపి చూడండి. సార్ట్ దగ్గర 'ఎక్స్‌టర్నల్ మెర్జ్' అని, పక్కన డిస్క్ వాడకం కనిపిస్తే మెమరీ చాలలేదని అర్థం. ఆ మెమరీ పరిమితిని పెట్టే వర్క్ మెమ్ సెట్టింగ్ మామూలుగా 4 ఎంబీ మాత్రమే. 15వ వెర్షన్ నుంచి హాష్ పనులకు దానికి రెండింతలు దొరుకుతుంది. పెద్ద రిపోర్ట్‌కు అదీ చాలదు.

అయినా మెమరీ పెంచేముందు సెలెక్ట్ లిస్ట్ చూడండి. పొడవైన వివరణ, చిరునామా లాంటి కాలమ్‌లు యూనియన్ గుండా ఎందుకు వెళ్లాలి? ముందు ఐడీలను మాత్రమే యూనియన్ చేసి, మిగిలిన వివరాలను తర్వాత జాయిన్‌తో తెచ్చుకోండి. ఐడీతోనే వరుసను గుర్తుపట్టగలిగితే ఫలితం మారదు, పోల్చే బరువు బాగా తగ్గుతుంది. అప్పటికీ చాలకపోతే వర్క్ మెమ్‌ను ఆ ఒక్క సెషన్‌కే పెంచండి. అది మొత్తం సర్వర్‌కు పెట్టిన పరిమితి కాదు, ఒక్కో సార్ట్‌కు పెట్టిన పరిమితి. అందరికీ పెంచేస్తే, ఒకేసారి చాలా కనెక్షన్లు వచ్చినప్పుడు సర్వర్ మెమరీ అంతా అయిపోతుంది.

సమస్య: వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) మీద వేర్ షరతు పెట్టినా టేబుల్ మొత్తం చదువుతోంది

కారణం: వేర్ షరతు యూనియన్ లోపలికి దిగితేనే టేబుల్ ఇండెక్స్ పనికొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ కాలమ్ టైప్ ఒకవైపు ఇంటిజర్, మరోవైపు బిగ్ ఇంటిజర్ అయితే షరతు బయటే ఆగిపోతుంది. వ్యూలో ఎక్సెప్ట్ (మొదటి ఫలితంలో ఉండి రెండోదానిలో లేనివి ఇచ్చేది) ఉన్నా అంతే. మైఎస్‌క్యూఎల్ అయితే 8.0.29 నుంచే యూనియన్ లోపలికి షరతును దించుతోంది.

పరిష్కారం: టేబుళ్లలోనే టైప్‌లు ఒకటి చేయండి. వ్యూలో కాస్ట్ (టైప్ మార్పిడి) రాస్తే షరతు లోపలికి దిగుతుంది కానీ, కాస్ట్ అడ్డు వచ్చి ఇండెక్స్ వాడకపోవచ్చు. టేబుల్ మార్చే వీలు లేకపోతే వ్యూను పక్కనపెట్టి, షరతును రెండు వైపులా చేత్తో రాయండి.

యూనియన్ ఆల్ మీద ఆర్డర్ బై (వరుసక్రమం), లిమిట్ 20 (మొదటి 20 వరుసలే) ఉన్నప్పుడు కూడా ఇదే చిట్కా పనిచేస్తుంది. ప్రతి వైపునూ బ్రాకెట్‌లో పెట్టి, దానికి సొంతంగా ఆర్డర్ బై, లిమిట్ 20 ఇచ్చి, బయట మళ్లీ ఒకసారి రాయండి. లక్షల వరుసల బదులు 40 వరుసలే కలుస్తాయి.

సమస్య: 'అందులో ఉండి ఇందులో లేనివి' అడిగితే ఆలస్యం, లేదా ఏమీ రావడం లేదు

ఏమీ రాకపోతే ముందు నాట్ ఇన్‌ను అనుమానించండి. లోపలి క్వెరీలో ఒక్క నల్ (ఖాళీ విలువ) ఉన్నా ఫలితం ఖాళీ అవుతుంది. దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి. ఎక్సెప్ట్ నెమ్మదిగా ఉన్నప్పుడూ ఇదే మంచి మార్గం, ఎందుకంటే రెండో టేబుల్ ఇండెక్స్‌ను వాడుకునే వీలు దొరుకుతుంది.

అయితే ఈ రెండూ సరిసమానం కావు. ఎక్సెప్ట్ డూప్లికేట్లను తీసేస్తుంది, నాట్ ఎగ్జిస్ట్స్ తీయదు. ఎక్సెప్ట్‌కు రెండు నల్‌లు ఒకటే, మామూలు సమానం గుర్తుకు కావు. పోల్చే కాలమ్‌లకు నాట్ నల్ నిబంధన ఉండి, డూప్లికేట్లు వచ్చే వీలు కూడా లేకపోతే ధైర్యంగా మార్చండి. అలా కాకపోతే ఎక్సెప్ట్‌నే ఉంచి, కాలమ్‌లు తగ్గించుకోండి.

క్వెరీ మార్చిన ప్రతిసారీ పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చి చూడండి. పాత క్వెరీ ఎక్సెప్ట్ ఆల్ కొత్త క్వెరీ, తర్వాత కొత్తది ఎక్సెప్ట్ ఆల్ పాతది. రెండూ ఖాళీగా వస్తేనే మార్పును లైవ్‌లో పెట్టండి. ఇక్కడ ఆల్ మర్చిపోవద్దు. అది లేకపోతే ఒకే వరుస మూడుసార్లు వచ్చిందా, ఒక్కసారి వచ్చిందా అన్న తేడా బయటపడదు.