శిలీంధ్రాలతో పురుగుల నివారణ – మూడో పాఠం: మొక్కజొన్న సుడిలో మెటారైజియం

గత పాఠంలో కత్తెర పురుగును గుర్తించడం నేర్చుకున్నాం: తలపై తిరగేసిన ‘వై’ ఆకారపు గీత, తోక దగ్గర చతురస్రంగా అమరిన నాలుగు నల్లటి మచ్చలు. 2018లో కర్ణాటకలో తొలిసారి కనిపించిన ఈ పురుగు ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకూ చేరింది. దానిపై మెటారైజియం అనైసోప్లియే అనే శిలీంధ్రాన్ని ప్రయోగించే పద్ధతి ఈ పాఠంలో చూద్దాం.

బీటీ (బ్యాక్టీరియాతో చేసినది), ఎన్‌పీవీ (వైరస్‌తో చేసినది) మందులు పనిచేయాలంటే పురుగు వాటిని తినాలి. శిలీంధ్రానికి ఆ అవసరం లేదు. దాని సిద్ధబీజాలు (విత్తనాల్లా మొలకెత్తే సూక్ష్మ కణాలు) పురుగు చర్మానికి అంటుకొని, తగినంత తేమ దొరికితే దాదాపు ఒక రోజులో మొలకెత్తి, ఎంజైములతో చర్మాన్ని కరిగించుకుంటూ లోపలికి చొచ్చుకుపోయి, రక్తంలో పెరిగి పురుగును చంపుతాయి. ఇందుకు నాలుగు రోజుల నుంచి వారం పైగా పడుతుంది కాబట్టి, మర్నాడు పురుగు ఇంకా కదులుతోందని వేరే మందు కొట్టడం తొందరపాటు. మొలకెత్తే ఆ తొలి గంటల్లో తేమ లేకపోతే మోతాదు రెట్టింపు చేసినా ఫలితం ఉండదు; ఎండలోని అతినీలలోహిత కిరణాలు సిద్ధబీజాలను కొద్ది గంటల్లోనే నిర్వీర్యం చేస్తాయి. అందుకే సాయంత్రం పూట, యాసంగిలోనైతే తడి ఇచ్చిన రోజున, పిచికారీ చేయాలి. పురుగు దాక్కునే ఆకు సుడిలోనే (మొక్క నడుమ లేత ఆకులు చుట్టుకున్న చోట) నీడా తేమా రెండూ ఉండడం మనకు కలిసివచ్చే విషయం.

విత్తిన 15–25 రోజుల మధ్య, ఆకులపై పచ్చదనం గీకేసిన తెల్లటి పొరలు కనిపించే దశలో, అంటే పురుగులు ఇంకా చిన్నవిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఎదిగిన పురుగుపై ఈ మందు ప్రభావం తక్కువ. గ్రాముకు 1×10⁸ సీఎఫ్‌యూ (అంటే మొలకెత్తి పెరగగల శిలీంధ్ర కణాలు పది కోట్లు) ఉన్న పొడిని లీటరు నీటికి 5 గ్రాములు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 80 గ్రాములు వాడాలి. సిద్ధబీజాలు నీటిలో సులువుగా తడవవు కనుక, పొడిని ముందుగా కొద్ది నీళ్లలో జిగురు మందుతో ముద్దగా కలిపి, ఆ తర్వాతే ట్యాంకులో పోయాలి. నాజిల్‌ను సుడిలోకి వంచి కొట్టాలి. అవసరమైతే పది రోజులకు మరోసారి కొట్టవచ్చు. మాంకోజెబ్, కార్బెండజిమ్ వంటి తెగుళ్ల మందులు శిలీంధ్రాన్నే చంపుతాయి కాబట్టి వాటితో కలపకూడదు. అవి వాడిన ట్యాంకును బాగా కడగాలి. కొనేటప్పుడు గడువు తేదీ చూడాలి. ఎండ తగిలే చోట పెట్టిన ప్యాకెట్‌ను నేనైతే తీసుకోను.

హిందూపురం, పలమనేరు వంటి పట్టు పరిశ్రమ ప్రాంతాల వారికి ఒక హెచ్చరిక: ఇలాంటి శిలీంధ్రాలు పట్టుపురుగులనూ చంపుతాయి. మల్బరీ తోటల దగ్గర వీటిని వాడవద్దు.

ఇక అభ్యాసం. పిచికారీ చేసిన వారానికి చనిపోయిన పురుగులను ఏరి, తడి దూది వేసిన సీసాలో మూతపెట్టి నీడలో ఉంచండి. కొద్ది రోజుల్లో గట్టిపడిన శరీరంపై ముందు తెల్లటి బూజు, ఆపై ఆకుపచ్చ పొడి వస్తే చంపింది మెటారైజియమే. మెత్తబడి నల్లటి ద్రవం కారితే కారణం వేరే: బ్యాక్టీరియా గానీ వైరస్ గానీ కావచ్చు.