నెట్ రానప్పుడు చూడాల్సిన లైన్లు: విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ వరకు వెళ్తే ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు ఉండే నంబరు), డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చి చెప్పే సర్వర్), మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ హార్డ్‌వేర్ గుర్తింపు నంబరు) కనిపిస్తాయి. కేబుల్ వాడేవాళ్లు వైఫై బదులు ఈథర్నెట్ నొక్కాలి. అడ్రస్ తెలిస్తే చాలనుకుంటే ఇంతే. నెట్ ఎందుకు ఆగిందో తేలాలంటే మాత్రం ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ మేలు.

విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, సీఎండీ అని కొట్టి ఎంటర్ చేయండి. నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో ఒకే మాటగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, దాన్ని ఆనుకుని ఆల్ అని కొట్టండి. స్లాష్ అంటే ప్రశ్నార్థకం ఉండే కీ మీదిది. రెండో రకం గీత, అంటే బ్యాక్‌స్లాష్ కొడితే పని చేయదు.

అడాప్టర్ల (కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే భాగాల) జాబితా పొడుగ్గా వస్తుంది, కంగారు పడొద్దు. మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉన్నవాటిని, వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ (కంప్యూటర్ లోపల ఇంకో ఊహా కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్లు) పేర్లున్నవాటిని వదిలేయండి. డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి, ఇంట్లో అయితే రౌటర్ అడ్రస్) ఎదురుగా అంకెలున్న అడాప్టరే సాధారణంగా మీది.

అందులో ముందు ఐపీవీ4 అడ్రస్ చూడండి. ఇళ్లలో ఎక్కువగా 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని, కంప్యూటర్ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీ పట్టడం దండగ. కేబుల్ గట్టిగా దిగిందో లేదో చూసి, రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి, ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ ఇవ్వండి. అడ్రస్ పక్కన డూప్లికేట్ అని ఉంటే అదే నంబరు ఇంకో పరికరానికీ ఉన్నట్టు. చేత్తో అడ్రస్ పెట్టిన ప్రింటరో, సీసీ కెమెరా డబ్బానో అయివుంటుంది.

డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తానే అడ్రస్ ఇచ్చే పద్ధతి) ఎనేబుల్డ్ దగ్గర నో అని ఉందా? ఆఫీసులో స్థిరమైన ఐపీ పెట్టిన ల్యాప్‌టాప్ ఇంటికి తెస్తే నెట్ రాకపోవడానికి తరచూ ఇదే కారణం. సెట్టింగ్స్‌లో ఐపీ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ చేయండి. డీఎన్ఎస్ అసైన్‌మెంట్ వేరుగా ఉంటుంది, దాన్నీ మార్చాలి. చాలామంది ఇది మరిచిపోయి, ఐపీ వచ్చినా సైట్లు తెరుచుకోవడం లేదంటారు. ఆఫీసుకు తిరిగి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ అయితే పాత అంకెలు ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇవన్నీ బాగానే ఉంటే పింగ్ (అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే ఆదేశం) అని కొట్టి, ఖాళీ వదిలి గేట్‌వే నంబరు ఇవ్వండి. జవాబొస్తే రౌటర్ దాకా దారి ఉన్నట్టే. తర్వాత పింగ్ 8.8.8.8 (ఇది ఇంటర్నెట్‌లోని గూగుల్ డీఎన్ఎస్ అడ్రస్) ఇవ్వండి. దానికి జవాబొచ్చి, సైటు పేరుతో ఇస్తే పేరు దొరకలేదంటే తప్పు డీఎన్ఎస్‌ది. గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే, రౌటర్‌లోనో ఆ పైన లైన్‌లోనో చూసుకోవాలి. కొన్ని రౌటర్లు పింగ్‌కు జవాబివ్వవు కాబట్టి గేట్‌వే మౌనంగా ఉన్నంత మాత్రాన చెడిందనుకోకండి.

ఇంటి కెమెరా బయటి నుంచి చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ను ఇంట్లోని పరికరానికి మళ్లించడం) చేసేవాళ్లు మాత్రం రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు ఉన్న అడ్రస్) కూడా చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే అడ్రస్‌ను) మీతో పాటు చాలామంది వాడుతున్నట్టు. ఇక రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి కనెక్షన్ లోపలికి రాదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లను పబ్లిక్ ఐపీ అడగాల్సిందే.